దెయ్యం బండికి దారి చూపించిన గేరు మామ

మా టాక్సీ స్టాండులో ఒకటే రూలు. లైన్లో ముందున్న బండే ముందు కదలాలి. వెనకవాడికి ఎంత తొందరున్నా, ఎక్కేవాళ్ళు ఎంత బతిమాలినా, ముందు బండిని కాదని ఇంకో బండి మనిషిని ఎక్కించుకోకూడదు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి లైన్లో మొదటిది గేరు మామ బండి, రెండోది నాది, మూడోది బక్కోడిది. ముగ్గురం పక్కనే ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం.

గేరు మామ అసలు పేరు మాలో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మాట మొదలుపెడితే ఒకటో గేరులో మెల్లగా కదులుతాడు. మనం చూస్తుండగానే ఐదో గేరులో పడతాడు. బ్రేకు మాత్రం ఉండదు. అందుకే ఆ పేరు.

ఆ రోజు ఆయన నోరు విప్పాల్సిన అవసరం మాకే ఉంది. స్టాండు స్తంభానికి నోటీసు అంటించి వారమైంది. వచ్చే నెల నుంచి ఈ స్టాండు తీసేసి, మేం దెయ్యం బళ్ళని పిలిచే డ్రైవర్ లేని కరెంటు కార్లకి చార్జింగ్ పెట్టుకునే చోటు చేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు రేపు పొద్దున పదకొండింటికి మునిసిపల్ ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చట. తొమ్మిది బళ్ళవాళ్ళం కూడబలుక్కుని మా తరఫున మాట్లాడమని గేరు మామని పెట్టుకున్నాం. పై అధికారి ముందు మా ఎవరికీ నోరు పెగలదు, ఆయనకి నోరు మూతపడదు. మేం ఆలోచించింది అంతవరకే.

"ఇంతకీ రేపు అక్కడ ఏం చెప్తావన్నయ్యా?" అని టీ కొట్టు అక్క అడిగింది.

గేరు మామ గ్లాసు కింద పెట్టి, మీసాలు తుడుచుకుని, కాలు మీద కాలేసుకున్నాడు. ఒకటో గేరు పడిందని నాకు అర్థమైంది.

"ఏం చెప్తానా? జరిగింది చెప్తా చెల్లెమ్మా. మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఆసుపత్రి వెనక సందు ఉందే, అక్కడ ఒక ముసలాయన్ని దింపి, బండి గోడ నీడన పెట్టుకుని కూర్చున్నా. కూర్చోవడమంటే ఊరికే కూర్చోలేదు, రోడ్డు మీద ఒక కన్నేసే కూర్చున్నా. అద్దంలో చూద్దును కదా, నా వెనకాల తెల్ల బండి! లోపల నరపురుగు లేదు. స్టీరింగు దానంతటదే ఇటు కొంచెం, అటు కొంచెం తిరుగుతోంది. మన దెయ్యం బండే! ముందుకి రాదు, వెనక్కి పోదు. లైట్లు టపటపా కొట్టుకుంటున్నాయి. సందులో బిక్కమొహం వేసుకుని నిలబడిపోయింది. ఎందుకాగింది? ముందు నేనున్నాను కాబట్టి. పెద్దవాళ్ళని తోసుకుపోకూడదని దానికి కూడా తెలిసింది. సరే పాపం అని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఇలా ఊపా, రా అని. అంతే! నేను కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి, తల వంచుకుని నా వెనకే వచ్చింది. పెద్ద రోడ్డు దాకా తీసుకెళ్ళి వదిలా."

"ఇంతేనా మామా?" అన్నాడు బక్కోడు. "బాగానే ఉంది కదా. రేపు ఇదే చెప్పు."

వాడు మంచి మాటే అన్నాడు. కానీ 'ఇంతేనా' అనకుండా ఉండాల్సింది. గేరు మామ మొహం ఎర్రబడింది.

"ఇంతేనా అంటావురా? నేను ఇంకా ఒకటో గేరులోనే ఉన్నా!"

అప్పుడే బల్ల చివర నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏవండీ, టాక్సీ కదులుతుందా? నాలుగింటికల్లా నేను డ్యూటీలో ఉండాలి."

ముప్పై ఏళ్ళుంటాయేమో ఆమెకి. ఒళ్ళో సంచి పెట్టుకుని, ఇందాకటి నుంచి టీ తాగుతూ కూర్చుంది. నేను లేవబోయి ఆగా. రూలు రూలే, ముందు బండి మామది.

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాడు మామ. "ముందు బండి నాదే, నిన్ను గాల్లో తీసుకెళ్తా. ఇంకో టీ తాగు. ఆఁ, ఎక్కడున్నాం? పెద్ద రోడ్డు. అక్కడ వదిలేశానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది పోలేదు! నా వెనకే ఉంది. నేను ఆగితే ఆగుతుంది, నేను హారన్ కొడితే అదీ కొడుతుంది. ఇంతలో దాని చార్జింగ్ అయిపోయింది. ఈ కరెంటు బళ్ళ బతుకే అంత. నడిరోడ్డు మీద చతికిలబడింది. నేనేం చేశా? బానెట్ ఎత్తి, నా బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి దానికి తగిలించా. పది నిమిషాల్లో వందకి వంద నిండింది. నేను వైరు తియ్యలేదు. నూట ఇరవై. నూట నలభై! లోపల అంకెలకి చోటు చాలక కిటికీ అద్దం మీద చూపించిందిరా!"

"మామా," అన్నా నేను ఆగలేక, "నీ బ్యాటరీకి నీ బండిని లేపే దమ్మే లేదు. ఈ పొద్దున మేమందరం తోస్తే కదా స్టార్టయింది?"

"తోశారు. ఎందుకు తోయాల్సొచ్చింది? ఉన్నదంతా దానికి ధారపోశాను కాబట్టి!"

అక్క నవ్వు ఆపుకోలేక పాలగిన్నె వైపు తిరిగిపోయింది.

"నవ్వు చెల్లెమ్మా, నవ్వు. అసలు సంగతి విను. చార్జింగ్ ఎక్కగానే బండి లోపల్నుంచి ఆడగొంతు వినిపించింది. ఏమందో తెలుసా? 'మామా' అంది."

"బండి మామా అందా?" బక్కోడు నోరు వెళ్ళబెట్టాడు.

"అంది! నువ్వు అన్నట్టు వెటకారంగా కాదు, మర్యాదగా అంది. 'మామా, నాకు రోడ్డు తెలుసు గానీ దారి తెలీదు, నేర్పించు' అంది. సరే పదమన్నా. అప్పటిదాకా ఒకటే ఉందా? మలుపు తిరిగేసరికి తొమ్మిదయ్యాయి. ఇంకో మలుపుకి నలభై. ఊరు మధ్యకొచ్చేసరికి నాలుగొందలు! అన్నీ తెల్లవే, అన్నీ ఖాళీవే, అన్నీ నా వెనకాలే. ఒక్కటంటే ఒక్కటి పక్కదాన్ని దాటితే ఒట్టు! మన స్టాండు రూలు అప్పటికే నేర్పించేశా. సిగ్నలు లైట్లు నన్ను చూసి ఎర్రవి కాస్తా పచ్చవైపోయాయి. ట్రాఫిక్ పోలీసు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు."

"ఆ నాలుగొందల్నీ ఎక్కడికి తీసుకెళ్ళావు మామా?"

"పెద్ద వంతెన మీదికి. దాని మధ్యలో ముక్క ఇంకా కట్టలేదు కదా? యాభై అడుగుల ఖాళీ. కింద నీళ్ళు. దగ్గరికి వెళ్ళగానే నాలుగొందల బళ్ళూ చేతులెత్తేశాయి. మావల్ల కాదు మామా, మ్యాపులో ఇక్కడ వంతెన ఉందని రాసుంది అని ఏడుపు. భయపడకండిరా అని అన్నింటినీ వెనక్కి తిప్పించి, రివర్సులో దూకించా."

"రివర్సులో ఎందుకన్నయ్యా?"

"ముందుకి దూకితే కింద నీళ్ళు కనిపించి హడలిపోవూ? అందుకని. ముందు నేను దూకి చూపించా."

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆర్నెల్ల నుంచి నీ బండికి రివర్సు గేరే పడట్లేదు కదా?"

"పడట్లేదు! ఎందుకు పడట్లేదు? ఆ దూకుడికి అరిగిపోయింది!"

"దూకింది మొన్న. పడనిది ఆర్నెల్ల నుంచి," అన్నాడు బక్కోడు.

"నువ్వు మధ్యలో లెక్కలు తియ్యకు. గాల్లో ఉన్న బండికి వారం, నెల ఏం తెలుస్తాయిరా?"

"ఏవండీ," అంది మళ్ళీ ఆమె, చేతి గడియారం చూసుకుంటూ. "మూడూ పాతికయింది."

"అయిపోయింది తల్లీ, దిగిపోతున్నా." మామ చెయ్యి ఊపి ఇటు తిరిగాడు. నాకు సిగ్గేసింది. పోనీ నేను తీసుకెళ్తానని అందామనుకున్నా. కానీ పోయిన నెల అలాగే ఒకణ్ణి ఎక్కించుకున్నందుకు ఇదే మామ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

"అవతలి ఒడ్డున దిగేసరికి ఎవరున్నారనుకున్నారు? ఆ బళ్ళు చేసిన కంపెనీ పెద్దాయన! ఆకాశంలోంచి దిగాడు. కోటు విప్పి నా బండి అద్దం తుడిచాడు. 'మేం పదేళ్ళు తలలు బద్దలుకొట్టుకున్నా రానిది నీకెలా వచ్చింది మామా' అన్నాడు. ముప్పై ఆరేళ్ళు డ్రైవింగ్ సీట్లో కూర్చో, నీకూ వస్తుందన్నా. అంత టైము లేదు, నీ బుర్రలో ఉన్నది కాస్త మా బళ్ళలోకి ఎక్కించుకుంటామని కాళ్ళావేళ్ళా పడ్డాడు. పోనీలే అని తల ఇచ్చా. ఇక్కడ, ఈ రెండు పక్కలా వైర్లు పెట్టారు. నా తెలివి మొత్తం ఎక్కింది. అయితే తెలివి ఒక్కటే ఎక్కితే బాగుండేది. నా అలవాట్లు కూడా ఎక్కేశాయి!"

"అయ్యో! అంటే?"

"అంటే ఇప్పుడు ఏ దేశంలో చూసినా సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ బళ్ళన్నీ పక్కకి తీసి ఆగుతాయి. ఎందుకు? నాలుగింటికి నేను టీ తాగుతా కాబట్టి! లోపల కూర్చున్నవాళ్ళు గగ్గోలు పెట్టినా సరే, పది నిమిషాలు కదలవు. అడ్డంగా వచ్చినవాణ్ణి కిటికీ దించి మరీ తిడతాయి. నలుగురికి మించి ఎక్కితే మూలుగుతాయి. ఇంకో సంగతి విను. నేను బండి తుడిచి, ఎర్ర గుడ్డ ఆరడానికి డిక్కీ మూతలో ఇరికించి బయటికి వేలాడేస్తానా? ఇప్పుడు ప్రతి దెయ్యం బండీ తనకీ ఓ ఎర్ర గుడ్డ కావాలని గొడవ. నా గుడ్డ కనిపిస్తే చాలు, ఎక్కడివక్కడ ఆగి దండం పెడతాయి!"

గుడ్డ మాట వినగానే బల్ల చివరనున్న ఆమె టీ గ్లాసు నోటి దగ్గరే ఆపింది. మామ బండి వైపు చూసింది. డిక్కీకి ఎర్ర గుడ్డ ఎప్పట్లాగే వేలాడుతోంది.

మామకి అవేం పట్టలేదు. ఇప్పుడు లేచి నిలబడ్డాడు. చెయ్యి స్తంభం మీది నోటీసు వైపు చాపాడు.

"చివరికి ఏమైందో తెలుసా? నిన్న అవన్నీ సమ్మె చేశాయి! ప్రపంచం మొత్తం! మా సీట్లో డ్రైవరు కూర్చుంటే తప్ప చక్రం కదపం అన్నాయి. ఈ ఊళ్ళో స్టాండు ఎత్తేస్తే మేమూ రోడ్డెక్కం అన్నాయి. అందుకని రేపు నేను ఆఫీసులో నోరే విప్పను. కిటికీ దగ్గర నిలబడి ఒక్క ఈల వేస్తా. నాలుగొందలూ వచ్చి ఆఫీసు చుట్టూ నిలబడతాయి. ముప్పై ఆరేళ్ళురా! ఎంతమందిని ఆసుపత్రికి చేర్చా ఈ చేతుల్తో! ఎంతమంది తల్లులు నా వెనక సీట్లో నా భుజం పట్టుకుని నొప్పులు పడ్డారు! ఇవాళ నన్ను లేపేసి, నేను నిలబడ్డ చోట ప్లగ్గు పెడతారా? పెట్టమను చూద్దాం! నేను కదలను. మీరూ కదలొద్దు!"

ఈసారి మేం ఎవరం నవ్వలేదు. నాకైతే ఒక పక్క ఆయన్ని చూస్తే జాలేసింది, ఇంకో పక్క రేపటి సంగతి తలుచుకుంటే భయమేసింది. ఈ నాలుగొందల బళ్ళ కథ ఆ అధికారి ముందు విప్పాడంటే, ఆయన నవ్వుకుంటూ సంతకం పెట్టేస్తాడు. మా తొమ్మిది బళ్ళూ రోడ్డున పడతాయి.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"నాలుగొందలు కాదండీ. ఒక్కటే బండి. నెంబరు చివర్న పదిహేడు. మంగళవారం రెండూ పదికి మీ వెనక వచ్చి ఆగింది."

మామ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "నీకెలా తెలుసమ్మా?"

"దాన్ని చూసుకునేది నేనే కాబట్టి. ఆ రోజు నాది పగటి డ్యూటీ. డ్రైవర్ లేని బండి అంటారు గానీ, అది ఇరుక్కుపోతే తెర ముందు కూర్చుని కదిపేవాళ్ళం మేం ఉంటాం. ఒక్కొక్కరికి పన్నెండు బళ్ళు. ఆ రోజు అది ఆగింది మీకు మర్యాద ఇచ్చి కాదు. మీ డిక్కీకి వేలాడుతున్న ఎర్ర గుడ్డని చూసి. ముందు ప్రమాదం ఉంది, ఆగమని ఎవరో గుడ్డ కట్టారనుకుంది. ముప్పై నాలుగు నిమిషాలు నిలబడింది."

"ముప్పై నాలుగా?" అన్నాడు బక్కోడు. "మరి మామ రోడ్డు మీద ఒక కన్నేసి ఉన్నాడుగా?"

"రెండు కళ్ళూ మూసుకునే ఉన్నారు. సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్నారు. బండికున్న స్పీకర్లోంచి, అయ్యా కాస్త దారివ్వండి అని పదకొండుసార్లు అడిగా. ఆ ఆడగొంతు నాదే. మామా అని మాత్రం అనలేదు. మాకు అక్కడి చప్పుళ్ళు కూడా వినిపిస్తాయి. నా మాట కన్నా మీ గురకే ఎక్కువ వినిపించింది."

ఇక ఆగలేదు ఎవరమూ. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బక్కోడు బల్ల మీద నుంచి జారి కింద కూర్చున్నాడు. టైరుకి మేకు దిగినట్టు మామ మెల్లగా బల్ల మీదికి కుంగిపోయాడు. నవ్వుతూ ఆయన మొహం చూశా. నా నవ్వు ఆగిపోయింది. ఆయన అంత చిన్నగా కనిపించడం ఎప్పుడూ చూడలేదు.

"మరి," అన్నాడు నేల చూస్తూ, "నా వెనకాల రాలేదా?"

"వచ్చింది," అంది ఆమె. "అది నిజం. ఆ సందులో ఆసుపత్రివాళ్ళు కొత్తగా గోడ కట్టారు. బండి మ్యాపులో ఆ గోడ లేదు. బండికి దారి తెలీదు, నాకూ తెలీదు. మీరు లేచి, ఒళ్ళు విరుచుకుని, బండి తీశారు. ఇక ఈయనే దిక్కనుకుని, మీ ఎర్ర గుడ్డని చూసుకుంటూ దాన్ని మీ వెనకే పోనిచ్చా. అర కిలోమీటరు. ఎన్ని మలుపులు తిరిగారో! ఆ రోజు మీరు లేకపోతే అది ఇప్పటికీ ఆ సందులోనే ఉండేది."

బక్కోడు నవ్వడం మానేసి లేచి నిలబడ్డాడు.

"మామా, రేపు ఇది చెప్పు!" అన్నా. "వంతెన వద్దు, సమ్మె వద్దు. ఆ అర కిలోమీటరు చెప్పు!"

"అర కిలోమీటరు ఎవడికి కావాలిరా?" అన్నాడు ఆయన. అయినా తల కొంచెం లేచింది.

"చెప్పి ఊరుకోకండి," అంది ఆమె. "ఆ ఆఫీసువాళ్ళని ఆ సందుకే తీసుకెళ్ళండి. ముందు మా బండిని పొమ్మనండి. తర్వాత మీరు పోయి చూపించండి. నా ఊసు మాత్రం ఎత్తకండి, నాకు ఉద్యోగం కావాలి. ఆ గుడ్డ కూడా లోపల పెట్టుకోండి."

మామ ఆమెని ఎగాదిగా చూశాడు. "అంత పెద్ద కంపెనీలో చేస్తూ నువ్వు ఈ స్టాండుకెందుకొచ్చావమ్మా? మీ దెయ్యం బండి ఎక్కి పోవచ్చుగా?"

"మా ఆఫీసు వీధిలోకి మా బళ్ళు రావు. గేటు ముందు గుంట తవ్వారు, అక్కడ ఆగిపోతాయి. రోజూ ఎక్కడ దొరికితే అక్కడ టాక్సీ ఎక్కే వెళ్తా." ఆమె గడియారం మళ్ళీ చూసుకుంది. ఈసారి ఆమె గొంతులో ఓపిక లేదు. "ఇందాక నాలుగింటికి బళ్ళన్నీ ఆగిపోతాయన్నారు కదా? ఆ ఒక్క కోత కూడా సగం నిజమే. నాలుగింటికి నా ముందావిడ డ్యూటీ దిగిపోతుంది. నేను వెళ్ళి కూర్చునేదాకా నా పన్నెండు బళ్ళూ రోడ్డు పక్కన ఆగి ఉంటాయి. జనం లోపల కూర్చుని తిట్టుకుంటూ ఉంటారు. అరగంట నుంచి నేను మీ కోసం కూర్చున్నా. డ్రైవరు లేకపోతే ఏదీ కదలదని మీరు నాకే చెబుతూ కూర్చున్నారు!"

మామ దిగ్గున లేచాడు. ఆయన అంత వేగంగా కదలడం నేను చూడలేదు. వెనక తలుపు తీసి ఆమెని కూర్చోబెట్టాడు. డిక్కీ దగ్గరికి వెళ్ళి ఎర్ర గుడ్డ మీద చెయ్యి వేశాడు. లాగబోయి ఆగి, ఇంకొంచెం బయటికే లాగి వేలాడేశాడు.

"ఇవాళ్టికి ఉండనీ," అన్నాడు. "ఆగితే ఆగుతాయి."

సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. బండి లేవలేదు. ఎవరూ చెప్పకుండానే నేనూ, బక్కోడూ వెనక్కి వెళ్ళి డిక్కీ మీద చేతులు వేశాం. అక్క కూడా స్టవ్ తగ్గించి వచ్చి భుజం ఆనించింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి తోశాం. బండి అంగుళం కదల్లేదు. ఇంకోసారి తోశాం.

మామ కిటికీలోంచి తల బయటపెట్టాడు. మళ్ళీ ఐదో గేరులో ఉంది ఆయన మొహం.

"చూశారా! నేను కదిలితే గానీ ఈ ఊళ్ళో ఒక్క దెయ్యం బండి కదలదు! పన్నెండు బళ్ళు నా కోసం ఆగున్నాయి! రేపు ఆ ఆఫీసులో ఈ మాటే చెప్తా, ఎవడు అడ్డొస్తాడో చూస్తా! తొయ్యండ్రా!"

వెనక సీట్లోంచి ఆమె ముందుకి వంగింది.

"మామా," అంది, "ముందు హ్యాండ్ బ్రేకు తియ్యండి."